మెటలర్జీ చదివితే కొడుకు దూరమైపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్) సీటొచ్చింది. వాడికి ఇష్టమే. కానీ ఉక్కు ఫ్యాక్టరీలన్నీ అడవుల్లో ఉంటాయట, మాకు దూరమైపోతాడని టెన్షన్. హైదరాబాద్‌లో ఏదైనా ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ-ఏఐ తీసుకోమంటున్నాం. ఏది మంచిది? - ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, సీట్ల సీజన్ వస్తే చాలు, ఇదే ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. బ్రాంచి పేరు మారుతుందంతే. మీరడిగింది బ్రాంచి గురించి, భయం మాత్రం దూరం గురించి. ముందు దానికే జవాబిస్తాను.

ఉక్కు ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నది ముందుగా బరువు లెక్క. టన్ను ఉక్కు తీయాలంటే టన్నున్నరకు పైగా ఇనుప ఖనిజం కావాలి. ఆపైన బొగ్గు, సున్నపురాయి. అంత బరువు దూరం మోసేకన్నా గనులకు దగ్గర్లో కొలిమి పెట్టుకోవడమే చవక. 1907లో మొదలైన టాటా ఉక్కు కంపెనీ సాక్చి అనే పల్లెను అందుకే ఎంచుకుంది. గోరుమహిసాని ఖనిజం, ఝరియా బొగ్గు, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీళ్లు, దగ్గర్లో రైలు, అన్నీ అక్కడ కలిశాయి. ఆ పల్లే ఇవాళ్టి జంషెడ్‌పూర్. మీరు విన్న అడవి నూరేళ్ల కిందటిది.

అలాగని అన్నీ గనుల పక్కనే ఉండవు. మన విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులే లేవు. ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి కొండలు దిగి వస్తుంది. అరకు రైల్లో వెళ్తే, ఎదురొచ్చే గూడ్సు వ్యాగన్ల అంచుల నిండా ఎర్ర దుమ్ము కనిపిస్తుంది, అదే ఆ ఖనిజం. ఉక్కు కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. సున్నపురాయి జగ్గయ్యపేటది, నీళ్లు ఏలేరువి. రేవు పక్కనే ఉండటం వల్ల ఇదంతా సాధ్యమైంది. అయినా రేవొక్కటే ఆ ఫ్యాక్టరీని తేలేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ మాట తలచుకోకుండా విశాఖ ఉక్కు గురించి చెప్పడం నాకు చేతకాదు.

అక్కడే ఉద్యోగం వస్తుందని మాత్రం నేను మాటివ్వను. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చింది, 2025లో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. ఇంకా నిలదొక్కుకోవాలి. అయితే మెటలర్జీ అంటే ఉక్కొక్కటే కాదు. మీరు పంపుదామనుకుంటున్న హైదరాబాద్‌లోనే ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉంది, రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ ఉంది, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ ఉంది. లోహం తెలిసినవాళ్ల పనే అక్కడ.

ఇక ఏఐ. ఆ చదువు మీద నాకు కోపం లేదు, దాన్ని అమ్ముతున్న తీరు మీదే అనుమానం. ఆ కాలేజీలో ఏఐ పాఠం చెప్పేదెవరో కనుక్కున్నారా? ల్యాబ్ చూశారా? సీనియర్లతో మాట్లాడారా? బ్రోచర్ చూసి నాలుగేళ్ల ఫీజుకు సిద్ధపడే తల్లిదండ్రుల్ని రోజూ చూస్తున్నాను, బాధేస్తుంది. పైగా సాఫ్ట్‌వేర్ పిల్లలు మాత్రం ఇంటి దగ్గరుంటున్నారా? మీ వీధిలోనే ఎంతమంది మనవల్ని వీడియో కాల్‌లో చూసుకుంటున్నారో లెక్కపెట్టండి. జంషెడ్‌పూర్ నుంచైతే పండక్కి రైలెక్కి వచ్చేస్తాడు.

కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమనుకోకండి. "వాడికి ఇష్టమే" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎందుకిష్టమో రాయలేదు. ఇంతవరకు అడగలేదేమో. ఈ రాత్రి అన్నం దగ్గర అడగండి, మధ్యలో ఆపకుండా వినండి. సీటు ఫీజు సంగతి రేపు చూసుకోవచ్చు.