గో (ప్రోగ్రామింగ్ భాష) 1.22కి మారగానే టెస్టులు ఫెయిల్ అవుతున్నాయి, కొత్త వెర్షన్‌లో బగ్ ఉందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కంపైలర్‌ని 1.22కి పెంచినప్పుడు అంతా బాగానే ఉంది. తర్వాతెప్పుడో గో.మాడ్ ఫైల్లో (ప్రాజెక్టు ఏ గో వెర్షన్‌కి రాసిందో చెప్పే ఫైలు) వెర్షన్ లైను 1.21 నుంచి 1.22కి మార్చగానే నాలుగు టెస్టులు పోయాయి. కోడ్ ముట్టుకోలేదు. వెనక్కి వెళ్లిపోవాలా?

వెళ్లకండి. మాకూ అచ్చం ఇలాగే జరిగింది, నేనూ మొదట కొత్త రిలీజ్‌నే తిట్టుకున్నాను.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 1.22లో ఫర్ లూప్ వేరియబుల్ ప్రవర్తన మారింది. అంతకుముందు లూప్ మొత్తానికీ ఒకటే వేరియబుల్, ప్రతి చుట్టుకీ అందులో విలువ మారేది. ఇప్పుడు చుట్టు చుట్టుకీ కొత్త వేరియబుల్ వస్తుంది. మామూలు లూపుల్లో ఈ తేడా తెలియదు. లోపల రాసిన ఫంక్షన్ లూప్ అయిపోయాక నడిచే చోట తెలుస్తుంది.

మీ టెస్టుల్లో టీ.ప్యారలల్ (టెస్టులను ఒకేసారి పక్కపక్కన నడపమని చెప్పే కాల్) ఉందేమో చూడండి, ఉండే ఉంటుంది. లూప్‌లో ఒక్కో కేసుకీ మొదలయ్యే సబ్‌టెస్టు ఆ కాల్ దగ్గర ఆగిపోయి, బయటి టెస్టు ఫంక్షన్ పూర్తయ్యాకే మళ్లీ కదులుతుంది. అప్పటికి లూప్ చివరిదాకా వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి పాత పద్ధతిలో సబ్‌టెస్టులన్నీ ఆఖరి కేసునే చూసేవి. మా దగ్గర పన్నెండు కేసుల టేబుల్ ఒకటుండేది. పేర్లు పన్నెండూ వేరువేరుగా పాసైనట్టే కనిపించేవి, ఎందుకంటే పేరు ముందే తీసుకుంటుంది. నిజానికి నడిచేది పన్నెండో కేసే, పన్నెండు సార్లు. లైను మార్చిన రోజు మూడు ఫెయిలయ్యాయి. ఒక పూటంతా కంపైలర్ బగ్ కోసం వెతికాక తేలిందేమిటంటే, ఖాళీ స్ట్రింగ్ వస్తే మా పార్సర్ నిజంగానే తప్పు జవాబిస్తోంది. రెండేళ్లుగా!

కోడ్‌లో పొరపాట్లు వెతికే గో వెట్ టూల్ 1.20 నుంచే ఈ రకం పొరపాటును పట్టుకుంటోంది. కానీ గో టెస్ట్ తనంతట తను నడిపే తనిఖీల్లో ఇది లేదు, విడిగా వెట్ నడపాలి. మేం సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు వాటంతటవే నడిచే చోట) పెట్టలేదు. ఆ సంగతి టీంలో ఎవరం పెద్దగా మాట్లాడుకోం.

ఇది మాలాంటి వాళ్లకే జరిగిందనుకోకండి. 2020లో వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దాదాపు 30 లక్షల సర్టిఫికెట్ల విషయంలో ఒక తనిఖీ సరిగ్గా జరగలేదని ప్రకటించింది. దాని వెనకున్నదీ ఈ లూప్ వేరియబుల్ పొరపాటే.

కంపైలర్ మార్చినప్పుడు ఏమీ కాకపోవడానికి కారణం ఉంది. పాత ప్రోగ్రాములు అలాగే నడుస్తాయని 2012లో గో 1తోనే మాటిచ్చారు. అందుకే ఈ మార్పును గో.మాడ్ లైనుకు ముడిపెట్టారు. ఏ మాడ్యూల్‌కి (సొంత గో.మాడ్ ఉన్న ప్రాజెక్టుకి) దాని లైనే లెక్క, కాబట్టి 1.19 అని రాసుకున్న మీ డిపెండెన్సీలు (మీరు వాడే బయటి లైబ్రరీలు) పాత పద్ధతిలోనే నడుస్తాయి. ఒక్క జాగ్రత్త: 1.22 మాడ్యూల్లో రాసిన లూప్‌ని పాత మాడ్యూల్లోకి కాపీ కొడితే అర్థం మారిపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

ఏ లూప్ వల్ల ఫెయిలవుతోందో తెలియకపోతే బైసెక్ట్ టూల్ వాడండి, గో టూల్స్ రిపోజిటరీలో ఉంటుంది. కొన్ని లూపులకు కొత్త పద్ధతి, మిగతావాటికి పాతది పెట్టి మళ్లీ మళ్లీ నడిపి, చివరికి లైను నంబరుతో సహా చెబుతుంది. నేను చేత్తో వెతికి వృథా చేసిన సమయం దానికి నిమిషాల పని.

వేరియబుల్‌ని లూప్‌లోనే అదే పేరుతో మళ్లీ డిక్లేర్ చేసే పాత లైన్లున్నాయి కదా, వాటికిక పనిలేదు, కానీ ఉన్నా నష్టం లేదు. ఇదే కమిట్‌లో తీసేయకండి, టెస్టు ఫెయిలైతే దేనివల్లో తెలియక టెన్షన్. మేం నెల తర్వాత ఇలాంటి లైన్లను చూపించే కాపీలూప్‌వార్ అనే లింటర్‌తో వెతికి తీసేశాం. 1.21 లైనుతో ఇంకా నడిచే రిలీజ్ బ్రాంచ్ ఉంటే మాత్రం ఆగండి, ఫిక్సులు అక్కడికి తీసుకెళ్లేటప్పుడు ఆ లైన్లు కావాలి.