కాక్‌పిట్‌లో కెమెరా పెట్టేముందు ఒక్క మాట, చెల్లీ

ప్రశ్న: అక్కా, నేను అమెరికాలో ఫ్లయింగ్ స్కూల్లో చేరి ఐదు నెలలైంది. పోయిన వారం మొదటి సోలో చేశాను, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒక్కదాన్నే విమానం నడిపాను. ఆ వీడియో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఒక్క రోజులో పన్నెండు వేల మంది చూశారు. ఇకమీదట వరసగా పెడదామనుకుంటున్నాను. ఏ కెమెరా కొనుక్కోవాలి? స్కూలువాళ్లు ఏమైనా అంటారా? వీసాకి ఇబ్బంది అవుతుందా? ఇక్కడ నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

జవాబు: చెల్లీ, ముందు నీ సోలోకి అభినందనలు. పక్క సీటు ఖాళీ అయ్యేసరికి విమానం ఎప్పటికన్నా తేలిగ్గా పైకి లేచిపోతుంది చూడు, ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. దాన్ని నలుగురికీ చూపించాలనిపించడంలో తప్పేమీ లేదు. నువ్వు కెమెరా గురించి, స్కూలు గురించి, వీసా గురించి అడిగావు. నేను మాత్రం నీ చివరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. చెప్పేవాళ్లు ఎవరూ లేరన్నావే, అది నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్నగా కనిపించింది. దాని దగ్గరికే వస్తాను.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావి నువ్వే చూసుకోగలవు. ఎఫ్-1 అయినా ఎం-1 అయినా స్టూడెంట్ వీసా మీద పని చేయడానికి చాలా పరిమితులున్నాయి. వీడియోల మీద డబ్బు వచ్చేలా పెట్టుకోవడం, ఎవరో ఇచ్చిన హెడ్‌సెట్ తీసుకుని దానికి ప్రచారం చేయడం లాంటివి మీ స్కూల్లో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో అడగకుండా ముట్టుకోకు. అమెరికాలో విమానయాన నియమాలు చూసే ఎఫ్ఏఏ వైపు నుంచి చూసినా, ప్రైవేట్ పైలట్ విమానం నడిపినందుకు ప్రతిఫలం తీసుకోకూడదు. కొద్దిపాటి మినహాయింపులున్నా, ప్రతిఫలం అనే మాటకి వాళ్లు చెప్పే అర్థం చాలా విశాలం. నువ్వింకా ప్రైవేట్ పైలట్‌వి కూడా కాదు, స్టూడెంట్ పైలట్‌వే. ఇక స్కూలు ఏమంటుందో స్కూల్నే అడగాలి, రాతపూర్వకంగా అడుగు.

ఇప్పుడు నా సంగతి విను.

తొమ్మిదేళ్ల కిందట నేను వచ్చినప్పుడు మా బ్యాచ్‌లో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. పొద్దున్నే ప్రీఫ్లైట్ (ఎగిరేముందు విమానం తనిఖీ), ఫ్లయింగ్, ఆ తర్వాత గ్రౌండ్ క్లాసు, చివరికి గది. నేను గదికి చేరే వేళకి ఇంట్లో అందరూ గాఢ నిద్రలో ఉండేవాళ్లు. క్రాస్‌విండ్‌లో, అంటే రన్‌వేకి అడ్డంగా వీచే గాలిలో, మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా దిగిన రోజున ఆ మాట చెప్పుకోవడానికి నాకు మనిషి దొరకలేదు. అందుకని ఫోన్‌కి చెప్పుకున్నాను. రెక్క మీంచి కనిపించే పొలాలు, ముప్పై సెకన్ల వీడియో. తెల్లవారి లేచి చూస్తే వందల కామెంట్లు. "అక్కా, మీరు గ్రేట్." ముక్కూ మొహం తెలియని వాళ్లు అక్కా అంటుంటే కళ్లనీళ్లు వచ్చాయి. ఎందుకంటే అప్పటికి మూడు రోజులుగా నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు, కంట్రోల్ టవర్ కూడా. వాళ్లు పిలిచేది విమానం నంబరుతో.

అక్కడ మొదలైంది. రెండో నెలకల్లా అద్దానికి అతుక్కునే స్టాండ్ కొన్నాను. సోలో సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ దిగే చుట్లు) కొడుతున్న ఒక రోజు డౌన్‌విండ్‌లో, అంటే రన్‌వేకి సమాంతరంగా వెళ్లే భాగంలో ఉండగా, రికార్డింగ్ ఎర్ర చుక్క వెలుగుతోందో లేదో చూద్దామని ముందుకి వంగాను. అంతే. టవర్ నన్ను డౌన్‌విండ్ ఇంకాస్త పొడిగించమంటే వినిపించుకోలేదు. రెండోసారి పిలిస్తే గాని జవాబివ్వలేదు. ఫైనల్‌లో, అంటే దిగడానికి నేరుగా రన్‌వే వైపు వస్తూ, ఇంకో విమానం ఉంది. నేను బేస్‌కి, అంటే రన్‌వే వైపు మలుపు తిరిగిపోయి ఉంటే దాని ముందుకే వెళ్లేదాన్ని. ప్రమాదమేమీ జరగలేదు కాబట్టి ఆ సాయంత్రం ఆ వీడియోలో ఆ ముక్క కోసేసి మిగతాది పెట్టాను. దాన్నీ అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు పాఠం కావలసిన ముక్కనే నేను కోసి పారేశాను.

అసలు కథ సోలో క్రాస్ కంట్రీ రోజుది, అంటే ఒంటరిగా వేరే ఎయిర్‌పోర్టులకి ఎగిరి తిరిగొచ్చే రోజుది. నీకూ త్వరలో వస్తుంది: మొత్తం 150 నాటికల్ మైళ్లు, మూడు చోట్ల పూర్తిగా ఆగే ల్యాండింగులు. వేసవి మధ్యాహ్నం బయల్దేరాను. రెండో ఎయిర్‌పోర్టులో దిగేసరికి ఎండ ఇంకా తెల్లగా ఉంది. వీడియోలో తెల్లటి ఎండ బాగోదు. కాస్త పొద్దు వాలాక టేకాఫ్ తీస్తే ఆకాశం బంగారంలా వస్తుందని రెక్క నీడలో కూర్చుని యాభై నిమిషాలు ఆగాను. అంతకుముందు పెట్టిన వీడియోని నలభై వేల మంది చూశారు. తర్వాతది ఎప్పుడని అడుగుతున్నారు. వాళ్లందరూ నాకోసం ఎదురుచూస్తున్నట్టే అనిపించేది.

వెలుతురు నేను కోరుకున్నట్టే వచ్చింది. కాని తిరుగు దారిలో ఎదురుగాలి పెరిగింది. కెమెరాని పొద్దు వైపు తిప్పడానికి ఒకసారి, నా మొహం పడుతోందో లేదో చూడటానికి ఇంకోసారి... తలెత్తి చూసేసరికి కింద ఉండవలసిన చెరువు లేదు. హెడింగ్, అంటే విమానం ముక్కు చూసే దిశ, ఇరవై డిగ్రీలు జారిపోయింది. దారి పట్టుకుని మా ఎయిర్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా చీకటి. రాత్రి సోలోకి నాకు ఎండార్స్‌మెంట్, అంటే ఇన్‌స్ట్రక్టర్ రాసిచ్చే అనుమతి, లేదు. ఇంధనం లెక్క పగటికి వేసుకున్నది. పగలైతే ముప్పై నిమిషాలకి సరిపడే అదనపు ఇంధనం (రిజర్వ్) చాలు, రాత్రికి నలభై అయిదు కావాలి. పైగా టవర్ ఆ రోజుకి మూసేశారు. మైక్ బటన్ ఏడుసార్లు గబగబా నొక్కితే రన్‌వే లైట్లు వెలుగుతాయని పుస్తకంలో చదివానే గాని, ఎప్పుడూ చేసి చూడలేదు. వణికే వేలితో నొక్కాను. ఒక్కసారిగా వరసలు వరసలుగా లైట్లు వెలిగాయి. ఆ దృశ్యం మాత్రం నేను రికార్డు చేయలేదు, చెల్లీ. అంతకన్నా అందమైనది నేను ఇంతవరకూ చూడలేదు.

నా ఇన్‌స్ట్రక్టర్ టార్చిలైట్ పట్టుకుని విమానాలు నిలిపే ర్యాంప్ మీద నిలబడి ఉన్నాడు. అరవలేదు. కెమెరా ఇమ్మని తీసుకుని ఆఫీసులో కూర్చోబెట్టి నాకే మొత్తం చూపించాడు. వీడియోలో ఆకాశం నిజంగానే బంగారంలా ఉంది. నేను ఎన్నిసార్లు బయటికి చూశానో, ఎన్నిసార్లు కెమెరా వైపు చూశానో కాగితం మీద గీతలు పెట్టి లెక్కపెట్టమన్నాడు. కెమెరా వైపు గీతలే ఎక్కువ. మూడు వారాలు నా సోలో ఆపేశారు. ఆ మూడు వారాలూ గది అద్దె ఆగలేదు.

ఇలాంటివి ఎక్కడో పిచ్చివాళ్లకి జరుగుతాయనుకోకు. 2014 మేలో కొలరాడోలో వాట్కిన్స్ దగ్గర సెస్నా 150 అనే చిన్న విమానం రాత్రిపూట కూలి ఇద్దరు చనిపోయారు. శిథిలాల దగ్గర దొరికిన గోప్రో కెమెరాలో, ఆ ప్రమాదానికి ముందు చేసిన చిన్న చిన్న ఫ్లయిట్ల వీడియోలున్నాయి. వాటిలో ఫోన్ ఫ్లాష్‌తో సెల్ఫీలు దిగుతున్నారు. తక్కువ ఎత్తులో ఫోన్ వాడటం వల్ల దృష్టి చెదిరి ఉంటుందని, ఏది పైనో ఏది కిందో తెలియక విమానం అదుపు తప్పిందని ప్రమాదాల మీద విచారణ చేసే ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. చీకట్లో ఒక్క ఫ్లాష్ వెలిగితే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి అరగంట దాకా పట్టవచ్చు. గ్రౌండ్ క్లాసులో నీకూ చెప్పే ఉంటారు.

రేపు ఎయిర్‌లైన్‌కి వెళ్తే కట్టుబాటు ఇంకా గట్టిది. 1974లో షార్లెట్ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఫ్లయిట్ 212 కూలి 72 మంది చనిపోయారు. దిగే సమయంలో పైలట్లు వేరే కబుర్లలో ఉన్నారని విచారణలో బయటపడింది. అలాంటి ప్రమాదాల వల్లే 1981లో పదివేల అడుగుల కింద పనికి సంబంధం లేని మాట కూడా ఉండకూడదనే స్టెరైల్ కాక్‌పిట్ రూల్ వచ్చింది. 2014లో ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో పైలట్లు సొంత పనులకి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాడకూడదన్నారు. నువ్వు నడిపే చిన్న విమానానికి ఆ రూల్ వర్తించదు. అయినా ఈ రోజు నుంచే దాన్ని నీ రూల్‌గా పెట్టుకో. నేను ఇవాళ కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో కూర్చుంటున్నానంటే ఆ మూడు వారాల తర్వాత పెట్టుకున్న అలవాట్ల వల్లే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాట. ఆ మూడు వారాలూ నేను నేల మీదే ఉన్నాను గదా, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే పాత వీడియోలు రోజుకొకటి పెడుతూ వచ్చాను. అమ్మ ఫోన్ చేసి "నీ వీడియో చూశాంలే, హాయిగా ఉన్నావు" అని రెండు నిమిషాల్లో పెట్టేసేది. స్నేహితులు అసలు చేయడమే మానేశారు. నన్ను రోజూ చూస్తున్నారు కదా, ఇంక పలకరించాల్సిన పనేముంది? తర్వాత చెక్‌రైడ్‌లో, అంటే లైసెన్సు కోసం పెట్టే ఫ్లయింగ్ పరీక్షలో, మొదటిసారి తప్పాను. విమానాన్ని బాగా వంచి తిప్పే స్టీప్ టర్న్స్‌లో ఎత్తు నిలుపుకోలేకపోయాను. ఇరవై మూడు వేల మంది ఫాలోవర్లు. వాళ్లలో ఒక్కరికీ చెప్పుకోలేకపోయాను. వాళ్లకి తెలిసిన నేను ఎప్పుడూ నవ్వుతూ దిగే నేను. ఎవరో పార్కింగ్‌లో దిగబెడితే కారు దిగి, గది తలుపు తీయకుండా మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను.

నన్ను పట్టించుకున్నది మా హ్యాంగర్‌లో పనిచేసే పెద్దాయన, మెకానిక్. చెక్‌రైడ్ ఎలా అయిందని ఆయన అడగలేదు. శనివారం రెక్కకి గుడ్డ అతికించే పని ఉంది, చేతులు కావాలి, వస్తావా అన్నాడు. ఆయన వెళ్లేది ఈఏఏ చాప్టర్‌కి. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని, చిన్న విమానాలు కట్టుకుని ఎగరేసే ఇష్టం ఉన్నవాళ్ల సంఘం, ప్రధాన కార్యాలయం విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో ఉంటుంది, చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, దేశమంతటా ఉన్నాయి. అక్కడ నా తాతల వయసువాళ్లు తాము దారి తప్పిన రోజుల గురించి, విఫలమైన చెక్‌రైడ్ల గురించి పేర్లతో సహా చెప్పుకుంటున్నారు. నేనూ చెప్పాను. నా చీకటి ల్యాండింగ్ గురించి మొదటిసారి పూర్తిగా, ఏ ముక్కా కోయకుండా చెప్పింది ఆ శనివారమే. నెల తిరిగేలోగా చెక్‌రైడ్ మళ్లీ చేసి పాసయ్యాను. ఇవాళ్టికీ ఇక్కడ నాకు కుటుంబం అంటే వాళ్లే.

అందుకని నీకు చెప్పేది: కెమెరా కొనడం తర్వాత, ముందు ఇలాంటి నలుగురిని వెతుక్కో. మీ దగ్గర్లో ఈఏఏ చాప్టర్ ఎక్కడుందో చూడు. ఎఫ్ఏఏ సేఫ్టీ టీమ్ పెట్టే సెమినార్లు చాలావరకు ఉచితం, వెనక వరుసలో కూర్చుని ఊరుకోకుండా పక్కవాళ్లతో మాట్లాడు. కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది ఒంటరితనం సిగ్గుపడాల్సిన విషయం అనుకుని గదిలోనే ఉండిపోతారు. నేను చూస్తూనే ఉన్నాను, ప్రతి ఏడాదీ ఇదే తప్పు.

తప్పు చేశావనుకో, దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకు, అలాగని దాచనూ దాచకు. నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ అని ఒక రిపోర్టింగ్ వ్యవస్థ 1976 నుంచి ఉంది. కావాలని చేయని పొరపాటుని పది రోజుల్లోగా అక్కడ రాసి పంపితే, కొన్ని షరతులకి లోబడి ఎఫ్ఏఏ శిక్ష వేయకుండా ఉంటుంది. నాకు అప్పట్లో ఇది తెలియదు. వీడియో మాత్రం తనంతట తానే సాక్ష్యం. తోక మీది నంబరు, ట్రాకింగ్ సైట్లలో కనిపించే నీ దారి, వీడియో తేదీ కలిపి చూస్తే నువ్వు ఎంత ఎత్తులో ఎగిరావో ఎవరైనా లెక్క కట్టగలరు. వ్యూస్ కోసం 2021లో కాలిఫోర్నియాలో విమానాన్ని కావాలనే కూల్చి, శిథిలాలు మాయం చేసినతను చివరికి ఆరు నెలల జైలుకి వెళ్లాడు. నువ్వు అలాంటిదానివి కావని తెలుసు. కాని వీడియో చూసి అడిగేవాళ్లుంటారని గుర్తుపెట్టుకో.

వీడియో తీయడం మానేయమని నేను అనడం లేదు. ఇప్పటికీ నా విద్యార్థులుగా ఉన్నవాళ్లకి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదని చెబుతాను. ఏ కెమెరా అన్నది నాకు పట్టింపు లేదు, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆన్ చేసి, ఇంజిన్ ఆపేదాకా దాని వైపు చూడకుండా ఉండగలిగే కెమెరా అయితే చాలు. చూపు ఆనే చోట బిగించకు, వెనక సీటు వైపు పెట్టు. మొదట ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని చూడు. ఆయన గొంతు, మొహం ఉంటే అడిగి పెట్టు. ఎగిరిన రోజే పెట్టకు, ఒక వారం ఆగు. వారం తర్వాత కూడా పెట్టాలనిపిస్తే పెట్టు.

నీ సోలో వీడియో నాకు పంపు. ఆ ముప్పై సెకన్ల ముక్క వద్దు, విమానం నేల మీద కదిలే టాక్సీ దగ్గర నుంచి ఇంజిన్ ఆపేదాకా మొత్తం కావాలి. ఆదివారం సాయంత్రం చూసి ఫోన్ చేస్తాను. ల్యాండింగ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ ఐదు నెలలూ ఎలా గడిచాయో చెప్పు, నేను వింటాను.