యూజర్ గైడ్‌ను ఏఐ రాస్తున్నప్పుడు టెక్నికల్ రైటర్ నేర్చుకోవలసింది ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కోడింగ్ బాగానే వచ్చినా రాయడం మీదే ఆసక్తి ఎక్కువ. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూజర్ గైడ్లు రాసే టెక్నికల్ రైటర్ అవుతానంటోంది. ఇప్పుడు వాటిని ఏఐ రాసేస్తోందని, ప్రాంప్ట్‌లు (ఏఐకి ఇచ్చే ఆదేశాలు) రాయడం వస్తే చాలని చెప్పి, ఒక శిక్షణ సంస్థ మూడు నెలల కోర్సుకు 40 వేల రూపాయలు అడుగుతోంది. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. ప్రాంప్ట్ రాయడం మీ అమ్మాయి తప్పకుండా నేర్చుకోవాలి. అయితే యూజర్ గైడ్ కోసం రాసే ప్రాంప్ట్‌కు కావలసిన సరుకంతా, ఆ సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా వాడి చూడడంలోనూ, దాన్ని వాడబోయే మనిషి ఎక్కడ తడబడతాడో గమనించడంలోనూ దొరుకుతుంది. అందుకు ఇంట్లో ఉన్న కంప్యూటర్ సరిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. లిబ్రే ఆఫీస్ పత్రాలు, లెక్కల పట్టికలు వంటివి తయారుచేసే, ఎవరైనా ఉచితంగా దించుకోగల సాఫ్ట్‌వేర్. 2010లో అదే తరహా ఓపెన్ ఆఫీస్ నుంచి వేరుపడి వచ్చింది. అందులో పత్రాలు రాసే ‘రైటర్’ అనే ప్రోగ్రామ్‌లో తయారుచేసిన పత్రాన్ని, పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌గా మార్చడం ఎలాగో గైడ్ రాయాలనుకుందాం. ‘లిబ్రే ఆఫీస్‌లో పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పెట్టడంపై యూజర్ గైడ్ రాయి’ అని ఒక్క వాక్యం అడిగితే, అంకెలు వేసిన మెట్లతో చక్కని జవాబు వస్తుంది. చదవడానికి ఏ లోటూ కనిపించదు. కానీ ఏఐ నేర్చుకున్న సమాచారంలో ఎన్నో సాఫ్ట్‌వేర్‌లు, ఎన్నో వెర్షన్లు కలిసిపోయి ఉంటాయి కాబట్టి, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పనిచేసే ‘సేవ్ యాజ్’ దారిని ఇక్కడ కూడా చూపించే ప్రమాదం ఉంది. లిబ్రే ఆఫీస్‌లో ‘సేవ్ యాజ్’ కింద పీడీఎఫ్ అసలు ఉండదు.

మీ అమ్మాయి ముందుగా ఆ పనిని తన చేత్తో చేసి చూస్తే ఏం తెలుస్తుందో గమనించండి. ‘ఫైల్’ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’, అందులో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్’ నొక్కితే ఒక కిటికీ తెరుచుకుంటుంది; అందులోని ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లో ‘సెట్ పాస్‌వర్డ్స్’ బటన్ ఉంటుంది. అదే మెనూలో పక్కపక్కనే ‘ఎక్స్‌పోర్ట్ డైరెక్ట్‌లీ యాజ్ పీడీఎఫ్’ అనేది కూడా ఉంది. పొరపాటున దాన్ని నొక్కినవారికి ఆ కిటికీ రాదు, ఫైలు పేరు మాత్రం అడిగి పని ముగించేస్తుంది. పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలో తెలియక వాళ్లు వెతుకుతూనే ఉంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పాస్‌వర్డ్‌లు రెండు రకాలు: ఫైలు తెరవడానికి ఒకటి, ముద్రించడం, మార్చడం వంటి అనుమతులకు ఒకటి. రెండోది మాత్రమే పెట్టి ఫైలుకు తాళం పడిందనుకుంటే, దాన్ని ఎవరైనా తెరిచి చదవగలరు. ఈ రెండు విషయాలే ఆ గైడ్‌కు ప్రాణం, చేసి చూసినవాళ్లకే ఇవి కంటపడతాయి.

అవి తెలిశాక రాసే ప్రాంప్ట్ ఇలా ఉంటుంది: ‘జిరాక్స్ షాపులో పనిచేసే, కంప్యూటర్ మీద ఆరు నెలల అనుభవం ఉన్న ఆపరేటర్ కోసం ఒక గైడ్ రాయి. సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ 24.8, విండోస్ 11. తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే పీడీఎఫ్ తయారుకావడమే లక్ష్యం. నేను చేసి చూసిన మెట్లు కింద ఇస్తున్నాను. వాటినే ఆధారం చేసుకో, ఇందులో లేని మెనూను గానీ బటన్‌ను గానీ కల్పించవద్దు. సమాచారం చాలని చోట “సరిచూడాలి” అని గుర్తు పెట్టు. ఒక్కో మెట్టులో ఒక్క పనే ఉండాలి. ఏ మెట్టు దగ్గర హెచ్చరిక అవసరమో ఆ మెట్టుకు ముందే హెచ్చరించు. చివర, పని సరిగా అయిందని ఎలా తెలుసుకోవాలో రాయి.’ దీని కింద ఆమె తన మెట్లను, రెండు చిక్కులను జతచేయాలి.

విద్యార్థులు తెచ్చి చూపించే ప్రాంప్ట్‌లలో నాకు తరచుగా కనిపించే లోపం ‘సరళంగా రాయి’ అన్న మాట. సరళత అంటే ఏమిటో కొలతతో చెప్పాలి. విమానాల నిర్వహణ మాన్యువల్స్ కోసం పుట్టిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ ప్రమాణంలో, ఏదైనా చేయమని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదన్న నియమం ఉంది. అలాంటి హద్దు పెడితే ఏఐ దానికి చాలావరకు లోబడుతుంది, హద్దు దాటితే మనం లెక్కపెట్టి పట్టుకోగలం. (ఇది ఇంగ్లిష్ గైడ్లకు చెప్పిన లెక్క. నాలుగు ఇంగ్లిష్ మాటల పని ఒక్క మాటలో చేసే తెలుగుకు ఇంకా చిన్న హద్దు కావాలి.) అలాగే కొత్తవారికి నేర్పే పాఠాన్ని, ఒక పని చేసుకునే విధానాన్ని, వెతికి చూసుకునే వివరాల పట్టికను ఒకే ప్రాంప్ట్‌లో అడగకూడదు. అడిగితే మూడూ కలగాపులగం అవుతాయి.

వచ్చిన ప్రతిని ఆమె మొదటి మెట్టు నుంచి చివరి దాకా మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని చేసి చూడాలి. ఆ తరువాత మీ సాయం కావాలి. ఆ గైడ్‌ను ముందు పెట్టుకుని మీరే ఆ పని చేయండి. పక్కన కూర్చున్న ఆమె మాత్రం నోరు విప్పకూడదు. మీరు ఆగిపోయిన ప్రతి చోటా గైడ్‌లో దిద్దవలసింది ఏదో ఉందని అర్థం.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. ఇంజినీర్లు ఇచ్చిన నోట్స్‌ను సాఫీ వాక్యాలుగా మార్చి ఇవ్వడమే పనిగా ఉన్న కొలువులు తగ్గుతాయనే నా అంచనా. తప్పు మెట్టును పట్టుకోగలిగిన రచయిత అవసరం మాత్రం, ఏఐ రాసే గైడ్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. రేపు ఉద్యోగంలో చేరాక, విడుదల కాని సాఫ్ట్‌వేర్ వివరాలను కంపెనీ అనుమతి లేని ఏఐ సాధనాల్లో అతికించకూడదన్న జాగ్రత్త కూడా ఇప్పటి నుంచే అలవడాలి.

ఇంటర్వ్యూకు తీసుకెళ్లే ఫైలులో పూర్తయిన గైడ్‌తో పాటు ప్రాంప్ట్‌ను, ఏఐ ఇచ్చిన తొలి ప్రతిని, ప్రతి దిద్దుబాటు పక్కన దాని కారణాన్ని కూడా ఉంచమనండి. రాత మెళకువలకు గూగుల్ ఉచితంగా అందిస్తున్న టెక్నికల్ రైటింగ్ పాఠాలు మొదలుపెట్టడానికి చాలు. లిబ్రే ఆఫీస్ గైడ్లను రాసే బృందం స్వచ్ఛందంగా పనిచేసేవారిదే, కొత్తవారు కూడా అందులో చేరి పనిచేయవచ్చు. ఈ సెలవుల్లో ఇలాంటి గైడ్లు మూడు పూర్తి చేయనివ్వండి. ఆ తరువాత కూడా కోర్సు కావాలని ఆమెకే అనిపిస్తే, ఆ సంస్థ నుంచి సిలబస్ తెప్పించుకుని, సాఫ్ట్‌వేర్‌ను వాడి సరిచూసే పనికి అందులో ఎన్ని గంటలు కేటాయించారో అడగండి.