ఫూ ఫైటర్స్ కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: "రీల్స్‌లో ఎవర్‌లాంగ్ అనే పాట ముక్క విన్నాను, భలే నచ్చింది. వెతికితే ఫూ ఫైటర్స్ అట, ముప్పై ఏళ్ళ బ్యాండట, పదికి పైగా ఆల్బమ్‌లట. పోస్ట్ గ్రంజ్ అంటే ఏమిటో కూడా నాకు తెలీదు. ఇప్పటిదాకా విన్నవన్నీ సినిమా పాటలే. ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేనూ ఆ పాటతోనే మొదలుపెట్టాను, మీలాగే ఏమీ తెలియకుండా. 2008లో వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా రూమ్మేటు కంప్యూటర్‌లో "ఇంగ్లీష్ మిక్స్" అని ఒక ఫోల్డర్ ఉండేది. ఎవడి పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చిందో ఎవడికీ తెలీదు. సగం పాటల పేర్లు తప్పు. నా ఇయర్‌ఫోన్స్‌లో ఎడమ చెవిది పనిచేసేది కాదు. ఆ ఒంటి చెవితోనే ఎవర్‌లాంగ్‌ని చాలా నెలలు విన్నాను. తర్వాత మొదటి జీతంతో మంచి హెడ్‌ఫోన్స్ కొని అదే పాట పెట్టాను. మధ్యలో వాయిద్యాల జోరు తగ్గే చోట ఎవరో గుసగుసలాడుతున్నారు! ఒళ్ళు జలదరించింది. అన్నిసార్లు విన్న పాటలో ఇన్నాళ్ళూ ఈ గొంతు ఉందా అనిపించింది. కాబట్టి ముందుగా చెప్పేది, ఫోన్ స్పీకర్‌లో వినకండి.

రెండోది, మొదటి ఆల్బమ్ నుంచి వరసపెట్టి వినకండి. నేను అలా చేసి మధ్యలో విసిగిపోయి ఏడాది పాటు వదిలేశాను. నా సలహా ఒక్కటే. ఈ బ్యాండ్‌ని డ్రమ్ముల వైపు నుంచి వినండి. ఎందుకంటే ముందు నిలబడి పాడే మనిషి అసలు డ్రమ్మరు.

ఆయన పేరు డేవ్ గ్రోల్. నిర్వానాలో డ్రమ్స్ వాయించేవాడు. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల పుట్టిన గరుకు గిటార్ల సంగీతాన్ని గ్రంజ్ అన్నారు. దాన్ని ప్రపంచమంతా వినిపించిన బ్యాండ్‌లలో నిర్వానా పేరే ముందు చెబుతారు. 1994 ఏప్రిల్‌లో ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ ఆత్మహత్య చేసుకున్నాడు, బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది. కొన్నాళ్ళు ఏమీ చెయ్యలేకపోయిన గ్రోల్, ఆ అక్టోబరులో సియాటిల్ దగ్గర ఒక స్టూడియోలో వారం రోజుల్లోపే ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. డ్రమ్స్, బేస్, గిటారు, గొంతు అన్నీ ఆయనవే, ఒక్క పాటలో ఒక గిటారు ముక్క తప్ప. ఒక్కడు చేసిన పని అని తెలియకూడదని బృందంలా వినిపించే పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో కనిపించిన అంతుచిక్కని వెలుగులను పైలట్లు ఫూ ఫైటర్స్ అనేవాళ్ళు. ఆల్బమ్ 1995లో వచ్చింది. అది బయటికొచ్చేలోపే ప్యాట్ స్మియర్, నేట్ మెండెల్, విలియం గోల్డ్‌స్మిత్‌లతో అసలు బ్యాండ్ తయారైంది.

పోస్ట్ గ్రంజ్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం ఏమీ కాదు. గ్రంజ్‌లోని గిటారు మోత ఉంటుంది, కానీ రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది, రేడియోలో ఒకసారి వింటే పట్టుబడే ట్యూన్ ఉంటుంది. మొదట్లో విమర్శకులు ఆ మాటని కొంచెం తిట్టులాగే వాడారు. ఆ పేరు మోసిన బ్యాండ్‌లు చాలావరకు నాకు రెండు పాటలకే బోరు కొడతాయి. వీళ్ళు కొట్టలేదు. కారణం డ్రమ్సే అని నా నమ్మకం.

సినిమా పాటలు విన్న చెవికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, అది ఎవరూ చెప్పరు. మన పాటలో పల్లవి ముందు వస్తుంది. పాట మొహం మొదటి నిమిషంలోనే చూసేస్తాం, చరణాలు తర్వాత. వీళ్ళ పాటల్లో ఎక్కువగా చరణం ముందు, అదీ నెమ్మదిగా. పల్లవి లాంటిది తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మొదటి అరనిమిషం విని "ఇందులో ఏముంది" అని మార్చేస్తే అసలు పాట వినకుండానే వెళ్ళిపోయినట్టు. 2007లో వచ్చిన ద ప్రిటెండర్ వినండి. గిటారు ఒంటరిగా, గొంతు దాదాపు లోలోపల మొదలవుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పను, కానీ వాల్యూమ్ కాస్త తగ్గించుకుని కూర్చోండి.

ఇప్పుడు ఎవర్‌లాంగ్‌కి వద్దాం. 1997 నాటి ద కలర్ అండ్ ద షేప్ ఆల్బమ్‌లోది. ఈ పాటని వరసగా నాలుగుసార్లు పెట్టి, ఒకసారి మొత్తం హై హ్యాట్ మీదే చెవి పెట్టండి. హై హ్యాట్ అంటే డ్రమ్ కిట్‌లో కాలితో తొక్కితే మూసుకునే ఆ రెండు తాళాలు. చరణాల్లో ఆ చెయ్యి ఆగదు, పరుగే పరుగు. హాస్టల్ మెస్‌లో స్టీలు పళ్ళెం మీద రెండు చెంచాలతో దాన్ని వాయించబోయాను. ఒక్క చరణం అయ్యేసరికి ముంజేయి పట్టేసింది, పప్పు పక్కవాడి చొక్కా మీద పడింది. తర్వాత గిటారు వినండి. తీగల మీద అదే పరుగు. ఈయన గిటారుని కూడా డ్రమ్స్‌లాగే కొడతాడని అప్పుడు అర్థమైంది.

ఆ ఆల్బమ్ డ్రమ్స్ వెనక ఒక చేదు కథ ఉంది. గోల్డ్‌స్మిత్ వాయించినవి నచ్చక గ్రోల్ చాలావరకు మళ్ళీ తానే వాయించి రికార్డు చేశాడు. మనసు విరిగి గోల్డ్‌స్మిత్ వెళ్ళిపోయాడు. డ్రమ్మరు నడిపే బ్యాండ్‌లో డ్రమ్మరుగా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి. నేను ఈ బ్యాండ్‌ని ఇంత ఇష్టపడినా ఆ విషయంలో గోల్డ్‌స్మిత్ వైపే. మరి ఎవరు దొరుకుతారని గ్రోల్ టేలర్ హాకిన్స్‌ని అడిగాడు. అప్పట్లో అలానిస్ మోరిసెట్ అనే గాయని టూర్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే కుర్రాడు. వేరేవాళ్ళ పేరు చెప్తాడనుకుంటే "నేనే వస్తా" అన్నాడు. పాతికేళ్ళు ఆ సీటు ఆయనదే.

హాకిన్స్ వచ్చాక తొలి ఆల్బమ్ 1999 నాటి దేర్ ఈజ్ నథింగ్ లెఫ్ట్ టు లూజ్. వర్జీనియాలో గ్రోల్ ఇంటి బేస్‌మెంట్‌లో ముగ్గురే కూర్చుని చేశారు. లర్న్ టు ఫ్లై అందులోదే. 2015లో ఇటలీలోని చెజేనాలో వెయ్యి మంది ఒక మైదానంలో చేరి ఆ పాటని ఒకేసారి వాయించారు, అందులో డ్రమ్మర్లే 250 మంది. "మా ఊరికి వచ్చి వాయించండి" అని అడగడానికి అంత హడావిడి! వీడియో చూడండి. ఆ నవంబరులో బ్యాండ్ నిజంగానే ఆ ఊరు వెళ్ళింది. అదే ఏడాది జూన్‌లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో గ్రోల్ స్టేజీ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయనకి కట్టు కట్టేలోపు హాకిన్స్ వాళ్ళు వేరే పాటలతో జనాన్ని నిలబెట్టారు. తర్వాత గ్రోల్ కుర్చీలో కూర్చుని మిగతా కచేరీ పూర్తి చేశాడు.

ఆల్బమ్‌ల వరస అడిగారు కదా. ముందు ద కలర్ అండ్ ద షేప్. వెంటనే 2011 నాటి వేస్టింగ్ లైట్. దీన్ని గ్రోల్ ఇంటి గ్యారేజీలో, కంప్యూటర్ ఎడిటింగ్ వాడకుండా పాతకాలం టేపు మీద రికార్డు చేశారు. నిర్మాత బుచ్ విగ్, నిర్వానా వాళ్ళ నెవర్‌మైండ్ ఆల్బమ్ చేసినాయనే. అందులో వాక్ పాట నాకు ఉద్యోగం పోయిన రోజుల్లో తోడు, అంతకంటే చెప్పను. ఇన్ యువర్ ఆనర్ రెండు డిస్కులది, ఇప్పుడే వద్దు, బెస్ట్ ఆఫ్ యూ ఒక్కటి విని దాటెయ్యండి. వన్ బై వన్‌లో నాకు నచ్చినవి నాలుగు పాటలే. సోనిక్ హైవేస్ కోసం ఎనిమిది నగరాలు తిరిగి ఎనిమిది పాటలు చేశారు. పాటల కంటే ఆ ప్రయాణం మీద తీసిన టీవీ సిరీస్ బాగుంటుంది. సాహిత్యం గొప్పగా ఉంటుందని మాత్రం ఆశపడకండి. చాలా చోట్ల ఎవరికైనా సరిపోయే మాటలే.

చివరగా 2023 నాటి బట్ హియర్ వి ఆర్. దాన్ని ముందే వింటే సగమే అందుతుంది. 2022 మార్చి 25న కొలంబియాలోని బొగోటాలో, కచేరీకి కొన్ని గంటల ముందు హాకిన్స్ చనిపోయాడు. వయసు 50. అదే ఏడాది గ్రోల్ వాళ్ళమ్మ కూడా పోయారు. ఆ ఆల్బమ్ డ్రమ్స్ మళ్ళీ గ్రోలే వాయించాడు. ఆ తర్వాత ఆ సీట్లో జోష్ ఫ్రీస్ రెండేళ్ళు ఉన్నాడు, 2025లో ఇలాన్ రూబిన్ వచ్చాడు.

2022 సెప్టెంబరు 3న లండన్ వెంబ్లీ స్టేడియంలో హాకిన్స్ కోసం పెద్ద కచేరీ పెట్టారు. మర్నాడు ఆదివారం, వంటింట్లో కాఫీ తాగుతూ ఫోన్‌లో క్లిప్ చూస్తున్నాను. మై హీరో పాట. డ్రమ్స్ మీద హాకిన్స్ కొడుకు షేన్, పదహారేళ్ళవాడు. మామూలుగా ఈ పాటలు పెడితే "ఆ అరుపులేంట్రా" అని తలుపేసే మా అమ్మ, వెనక నిలబడి చూసింది.

"ఎవర్రా ఆ పిల్లాడు, అంత కసిగా కొడుతున్నాడు?"

"డ్రమ్స్ వాయించే ఆయన కొడుకమ్మా. ఆయన పోయాడు, మొన్న మార్చిలో."

అమ్మ ఏమీ అనలేదు. పాట అయ్యేదాకా స్టవ్ మీద పాలు సిమ్‌లో పెట్టి నిలబడింది. అయ్యాక "మళ్ళీ పెట్టు" అంది.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే 2006 నాటి స్కిన్ అండ్ బోన్స్ పెట్టుకోండి. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అకూస్టిక్ కచేరీ, అంటే గిటార్ల మోత తగ్గించి మెత్తగా వాయించిన కచేరీ రికార్డింగ్ అది, వయొలిన్ కూడా ఉంటుంది. ఎవర్‌లాంగ్ అందులోనూ ఉంది, గ్రోల్ గిటారుతో ఒక్కడే మొదలుపెడతాడు. దానికైతే మా ఇంట్లో తలుపులు వెయ్యరు.