కొత్త కిడ్నీలో బీకే వైరస్: మోతాదు తగ్గించడమే వైద్యమా?

ప్రశ్న: ఏడు నెలల కిందట మా తమ్ముడికి మా అమ్మ మూత్రపిండం అమర్చారు. జ్వరం లేదు, మూత్రం చక్కగా వస్తోంది, కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ మొదటి నుంచీ 1.3 దగ్గరే ఉంది. అయినా ఈ నెల రక్తపరీక్షలో బీకే వైరస్ మిల్లీలీటరుకు 14,000 కాపీలు ఉన్నట్టు తేలింది. డాక్టరుగారు వైరస్‌కు మందేమీ రాయకుండా, కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోజూ వేసుకునే మైకోఫెనోలేట్‌ను సగానికి తగ్గించారు. ఒక్క మాత్ర కూడా మానకూడదని ఇన్నాళ్లూ చెప్పినవారే ఇప్పుడిలా చేయడం మాకు అర్థం కావడం లేదు. కిడ్నీ తిరస్కరణకు గురవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మందు రాయలేదని మీరు అనుకుంటున్నారు గానీ, ఈ వైరస్ విషయంలో మోతాదు తగ్గించడమే ప్రధాన చికిత్స. ఇది 1971లో, మూత్రపిండ మార్పిడి చేయించుకున్న ఒక రోగి మూత్రంలో తొలిసారి బయటపడింది; ఆ రోగి పేరులోని పొడి అక్షరాలే దీనికి పేరయ్యాయి. మనలో చాలామందికి ఇది చిన్నతనంలోనే, తెలియకుండానే సోకి, మూత్రపిండాలలోనూ మూత్రనాళాల లోపలి పొరలోనూ ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. మీ తమ్ముడిలో పెరుగుతున్నది అతని ఒంట్లో ముందే ఉన్నదైనా కావచ్చు, అమర్చిన కిడ్నీతో వచ్చినదైనా కావచ్చు. దీన్ని ఎవరి తప్పుగానూ చూడకండి, ముఖ్యంగా అమ్మగారు తనను తాను నిందించుకోకుండా చూడండి.

కొత్త కిడ్నీని శరీరం తోసిపుచ్చకుండా రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచుతారు కనుక, అంతవరకు దాని అదుపులో ఉన్న వైరస్‌కు వెసులుబాటు దొరుకుతుంది. అది ముందు మూత్రంలో, కొన్ని వారాల తరువాత రక్తంలో కనబడుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే కిడ్నీలోని సన్నని నాళికల కణాలను దెబ్బతీస్తుంది. జ్వరం, నొప్పి వంటి హెచ్చరికలు సాధారణంగా ఉండవు. క్రియాటినిన్ పెరిగేసరికి నష్టం మొదలై ఉంటుంది కాబట్టే, లక్షణాలున్నా లేకున్నా మొదటి తొమ్మిది నెలలు నెలనెలా, ఆ తరువాత రెండేళ్లు నిండేవరకు మూడు నెలలకొకసారి రక్తంలోని వైరస్ కాపీలను లెక్కించే పీసీఆర్ పరీక్ష చేయించమంటారు. కాపీలు 10,000 దాటితే, లేదా 1,000కి పైన కొన్ని వారాలు నిలిచి ఉంటే, మందుల మోతాదు తగ్గించడం గురించి ఆలోచిస్తారు. క్రియాటినిన్ ఇంకా కదలకముందే దొరకడం మీకు కలిసివచ్చిన విషయం.

ఇక వైరస్‌ను నేరుగా చంపే మందు సంగతి. బీకే వైరస్‌పై నమ్మకంగా పనిచేస్తుందని రుజువైన మందు ఇంతవరకు లేదు. లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మీద ఆశలు పెట్టుకున్నారు గానీ, పరీక్షించి చూస్తే ప్రయోజనం కనబడలేదు. సిడోఫోవిర్ అనే వైరస్ మందు అయితే ఏ కిడ్నీని కాపాడాలనుకుంటున్నామో దానికే హాని చేయగలదు. అందువల్ల ఆ పనిని శరీరంలోని రోగనిరోధక కణాలకే అప్పగించి, వాటిని కట్టిపడేసిన పట్టును కొంచెం సడలిస్తారు.

మీ భయం అర్థం లేనిది కాదు. పట్టు సడలితే తిరస్కరణకు అవకాశం ఉంటుంది, అందుకే ఈ కాలంలో క్రియాటినిన్‌ను, రక్తంలో టాక్రోలిమస్ (తిరస్కరణను ఆపే మరో మందు) స్థాయిని, వైరస్ కాపీలను రెండు నుంచి నాలుగు వారాలకొకసారి చూస్తారు. వైరస్ పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టవచ్చు. తదుపరి రిపోర్టులోనే సున్నా రావాలని ఎదురుచూడకండి, అంకె దిగుతున్నదా అన్నదే గమనించండి. ల్యాబును బట్టి అంకెలు మారతాయి గనుక ప్రతిసారీ ఒకే చోట చేయించండి. ఈలోగా క్రియాటినిన్ పెరిగితే బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం కావచ్చు, ఎందుకంటే తిరస్కరణా, వైరస్ వల్ల కలిగే వాపూ సూక్ష్మదర్శిని కింద ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, వాటి చికిత్సలు మాత్రం ఎదురెదురు దిశల్లో సాగుతాయి. ఒక మాత్రను డాక్టరు తగ్గించారు కదా అని మిగతావాటిని సొంతంగా తగ్గించవద్దు.

ప్రశ్న: మార్పిడి జరిగి నాలుగు నెలలైన మా నాన్నగారు సీఎంవీ (సైటోమెగలోవైరస్) రాకుండా వాల్‌గాన్‌సైక్లోవిర్ వాడుతున్నారు. తెల్లకణాలు తగ్గాయట. ఆ మందు మేమే మానేయవచ్చా?

జవాబు: వద్దు. తెల్లకణాలు తగ్గడం ఈ మందుతో తరచుగా జరిగేదే అయినా, మైకోఫెనోలేట్, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ కూడా అదే పని చేస్తాయి కాబట్టి దేన్ని సవరించాలో డాక్టరే నిర్ణయించాలి. కిడ్నీ పనితీరుకు తగినదానికంటే తక్కువ మోతాదులో వాడితే వైరస్ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. దాతకు సీఎంవీ ఉండి గ్రహీతకు ఎన్నడూ సోకని సందర్భంలో ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ; అటువంటివారికి సుమారు ఆరు నెలలు, అంటే 200 రోజులు ఇస్తారు. మందు ఆపిన తరువాతి నెలల్లోనూ సీఎంవీ బయటపడవచ్చు గనుక జ్వరం, విపరీతమైన నీరసం, విరేచనాలు కనబడితే వెంటనే చెప్పాలి.

ప్రశ్న: నేను కిడ్నీ మార్పిడి చేయించుకుని టాక్రోలిమస్ వాడుతున్నాను. కోవిడ్ వస్తే అందరూ వేసుకునే మాత్రలే వేసుకోవచ్చా?

జవాబు: మీ మార్పిడి వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకండి. కోవిడ్ మందు నిర్మాట్రెల్విర్‌తో కలిపి ఇచ్చే రిటోనావిర్, కాలేయంలో టాక్రోలిమస్ విరిగిపోకుండా అడ్డుపడుతుంది. దానివల్ల ఒకటి రెండు రోజుల్లోనే టాక్రోలిమస్ రక్తంలో విషస్థాయికి చేరి కిడ్నీని దెబ్బతీయగలదు. ఆ మాత్ర తప్పనిసరి అయితే టాక్రోలిమస్‌ను తాత్కాలికంగా ఆపి, రక్తంలో దాని స్థాయిని చూసుకుంటూ తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులు చెబుతారు.