గీజర్ మార్చే ముందు మిక్సర్ చూడండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. 15 లీటర్ల గీజర్, వాడేది బోరు నీళ్లు. ఈమధ్యే ప్రెషర్ పంప్ పెట్టించాం. బకెట్ దగ్గరి వేడి కుళాయిలో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తున్నాయి. షవర్ పిడి పూర్తిగా వేడి వైపు తిప్పినా గోరువెచ్చగానే. మెకానిక్ గీజర్ మార్చేయమంటున్నాడు. మార్చాలా?

జవాబు: వద్దండీ. కుళాయిలో అంత వేడి నీళ్లు వస్తున్నాయంటే గీజర్ బాగానే పనిచేస్తోంది. తేడా ఎక్కడో షవర్ దారిలో ఉంది. నా అనుమానం వేడి నీళ్లనీ చన్నీళ్లనీ కలిపి షవర్‌కి పంపే, గోడలో ఉండే మిక్సర్ మీదే.

ఇలా చూడండి. ముందు గీజర్ స్విచ్ ఆపేయండి. గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే పైపుకి ఉన్న యాంగిల్ కాక్ (గోడ దగ్గరి చిన్న వాల్వ్) పూర్తిగా కట్టేసి, షవర్ పిడి వేడి వైపు చివరిదాకా తిప్పండి. లోపలికి నీళ్లు వెళ్లడం లేదు కాబట్టి బయటికి వచ్చే ధార కూడా కాసేపట్లో ఆగిపోవాలి. ఆగకుండా చల్లగా కారుతూనే ఉంటే, మిక్సర్ లోపల చన్నీళ్లు వేడి నీళ్లలోకి దూరిపోతున్నాయన్నమాట. పిడి కింద ఉండే కార్ట్రిడ్జ్‌లో, అంటే వేడి, చన్నీళ్లను కలిపే లోపలి భాగంలో, రబ్బరు రింగులు అరిగిపోయాయి. బోరు నీళ్ల ఉప్పుకి అవి త్వరగా పాడవుతాయి. మెయిన్ వాల్వ్ కట్టించి, పాతది ఊడదీయించి, దాన్నే షాపుకి పట్టుకెళ్లండి. 35, 40 మిల్లీమీటర్ల సైజులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

ధార ఆగిపోయిందా? అయితే పంప్ సంగతి చూడాలి. అది చన్నీళ్ల లైనుకే కలిపి, గీజర్‌కి నేరుగా పైట్యాంకు నుంచి నీళ్లు వస్తుంటే, ఆ ఒత్తిడికి వేడి నీళ్లు వెనక్కి తగ్గుతాయి. రెండు లైన్లకూ పంప్ ఒత్తిడి అందేలా ప్లంబర్‌తో కలిపించండి.

పంప్ ఇప్పటికే రెండు లైన్లకూ కలిపి ఉంటే ఈ లెక్క చూడండి: 60 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు, 22 డిగ్రీల చన్నీళ్లతో కలిస్తే 40 డిగ్రీల స్నానపు నీళ్లు సుమారు 32 లీటర్లు అవుతాయి. నిమిషానికి 10 లీటర్లు పోసే షవర్ కింద అవి మూడు నిమిషాలకే సరి. మొదట బాగా వేడిగా వచ్చి తర్వాత చల్లబడుతుంటే కారణం ఇదే. నిమిషానికి 6 లీటర్ల షవర్ హెడ్ పెడితే ఐదు నిమిషాలు దాటుతుంది. కొత్త గీజర్ ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

బోరు నీళ్లన్నారు కాబట్టి ఇంకొకటి. 2 కిలోవాట్ల గీజర్‌లో 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి 20 నిమిషాలకు కాస్త పైనే పడుతుంది. నిండా చన్నీళ్లున్నప్పుడు ఆన్ చేసినా ఐదారు నిమిషాలకే లైటు ఆరిపోతుంటే, వేడిని బట్టి కరెంటు ఆపే థర్మోస్టాట్ చూపించండి. లోపల గిన్నెలో గులకరాళ్లు కదిలినట్టు చప్పుడొస్తుంటే కాయిల్‌కి గార కట్టింది. కాయిల్ శుభ్రం చేయించేటప్పుడే మెగ్నీషియం రాడ్ కూడా చూపించండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ అది. బోరు నీళ్ల ఇళ్లలో దీన్ని పట్టించుకోకపోవడం వల్లే మంచి ట్యాంకులు కారిపోతున్నాయి. మూత తీయించే ముందు కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ (సర్క్యూట్ బ్రేకర్) కిందికి దించండి, గోడ స్విచ్ ఆపితే చాలదు.

ప్రశ్న: గీజర్‌ని ఫోన్ నుంచి ఆన్ చేయడానికి 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ సరిపోతుందా?

జవాబు: కొనకండి. 2 కిలోవాట్ల గీజరే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3 కిలోవాట్లది 13. 16 ఆంపియర్ల ప్లగ్ తీసుకుని, బాత్‌రూమ్ బయటి సాకెట్‌కే పెట్టండి. యాప్‌లో అరగంటకు ఆగిపోయేలా టైమర్ పెట్టుకోండి.