బీటీ పత్తితో దెబ్బతిన్నాక జన్యు సవరణ వరిని నమ్మొచ్చా?

"బీటీ వేస్తే పురుగు మందు అక్కర్లేదన్నారు, చివరికి గులాబీ పురుగు ముంచింది. ఇప్పుడు జన్యు సవరణ వరి అంటున్నారు, ఎలా నమ్మాలి?" అని ఒకరు అడిగారు. మాది వరంగల్ వైపు, పత్తి వేసే ఇల్లు. ముందు మా తప్పు చెబుతాను.

బీటీ అంటే పురుగుని చంపే గుణం పెట్టిన పత్తి. ఆ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం వచ్చేది, బీటీ కాని విత్తనం. చేను చుట్టూ వెయ్యాలి. మా నాన్న ఒక్క ఏడూ వెయ్యలేదు. "పురుగు మేయడానికి నేనెందుకు పెంచాలి?" అనేవాడు. నిజానికి ఆ సాళ్లు పురుగు కోసమే! బీటీని తట్టుకుని బతికిన రెక్కల పురుగు, ఆ సాళ్లలో పెరిగిన మామూలు దానితో జతకడితే, పుట్టిన పిల్లలు చాలావరకు బీటీ కాయ తిని చస్తాయి. ఆ సాళ్లు లేకపోతే తట్టుకున్నవి తమలో తామే జతకడతాయి. పైగా ఇంకో ఏరుడు వస్తుందని మార్చి దాకా చేను పీకేవాళ్లం కాదు. అంటే పురుగుకి తిండి ఆపలేదు.

2002లో బీటీ, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చాయి. గులాబీ పురుగు రెండింటినీ దాటేసింది. అది కాయ లోపల ఉంటుంది కాబట్టి మందు కొట్టినా తగలదు. కాయ పైకి నిండుగానే కనిపించేది, పగలగొడితే లోపల రంగు మారిన గుడ్డిపత్తి. ఇప్పుడు మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెడుతున్నాం, పురుగు చేరి విచ్చుకోని గుడ్డిపూలు ఏరేస్తున్నాం, డిసెంబరుకల్లా చేను పీకేస్తున్నాం.

వరి కథ వేరు. బీటీలో ఉన్నది నేలలోని బాక్టీరియా జన్యువు. 2025 మే నెలలో ప్రకటించిన 'కమల' (డీఆర్ఆర్ ధాన్ 100) మన సాంబా మసూరే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు కంకిలో గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువును సవరించారు, బయటి జన్యువు ఉంచలేదు. సుమారు 20 రోజులు ముందు కోతకొస్తుందని వాళ్ల లెక్క. పత్తిలా హైబ్రిడ్ కాదు, సూటి రకం, అంటే పండిన గింజనే మళ్లీ విత్తనంగా వేసుకోవచ్చు.

కానీ పురుగు మీద దానికి పనేమీ లేదు. వరికి పట్టే మొగిపురుగుకీ దోమపోటుకీ మన తిప్పలు మనవే. యూరియా ఎక్కువ చల్లితే దోమ ఎలాగూ వస్తుంది.

నాకు పనికొచ్చేది ఆ 20 రోజులే. వానాకాలం పంట చివర్లో మా బోరు సన్నగా పోస్తుంది, రెండు తడులు మిగిలినా గొప్పే. విత్తనం చేతికొస్తే అరెకరంలో వేస్తాను, మిగతా పొలంలో పాత సాంబానే.